తొమ్మిదో రేకు

చారులో ఇంగువ ఎక్కువైందని ఆ ఆదివారం మా ఆయన కంచం ముందుకు తోసేశారు.

"డబ్బా మొత్తం గుమ్మరించావా ఏంటి?"

"ఎప్పుడూ వేసేంతే వేశానండి," అన్నాను. అది నిజం కాదు. రెండుసార్లు వేశాను. మొదటిసారి వేసినప్పుడు నేతిలో పొంగింది గాని వాసన రాలేదు. సరుకు పాతబడిందేమోననుకుని ఇంకో చిటికెడు వేశాను.

"ఎప్పుడూ వేసేంత వేస్తే గొంతు దిగదా?"

"పోనీ మజ్జిగ పోసుకోండి."

"మజ్జిగ పోసుకోడానికి చారు కాయడం ఎందుకు?"

మా అత్తగారు శకుంతలమ్మగారు కొడుకు పక్షం తీసుకున్నారు. "ఇరవై ఏళ్ళుగా వండుతున్న మనిషికి ఇంగువ పాళ్ళు మనం చెప్పాలటరా సాయీ? పరధ్యానం. చేతిలో గరిటె, చెవిలో ఫోను."

ఫోను లోపలి గదిలో ఛార్జింగులో ఉంది. ఆ మాట అంటే ఇంకో పావుగంట సాగుతుందని ఊరుకున్నాను.

మా అమ్మాయి శ్రీవల్లి ఏలూరు హాస్టల్లో ఉండి ఇంటర్ చదువుతోంది. ఆ రోజు ఇంటికొచ్చి ఉంది. తను వంటింట్లోకి వెళ్ళి రెండు డబ్బాలు తెచ్చింది. నన్ను కళ్ళు మూసుకోమని ఒకదాని తర్వాత ఒకటి నా ముక్కు కింద పెట్టింది. ఏది ఇంగువో, ఏది ఉప్పో నాకు తెలియలేదు.

"పొద్దున్న బస్సు దిగినప్పటినుంచీ ఒకటే కంపు కొడుతోందమ్మా," అంది. "మీకెవరికీ తెలియట్లేదా?"

తెలియట్లేదు. మా ఇల్లు కొల్లేటి గట్టుకు దగ్గర, గుడి వెనక వీధిలో ఉంది. ఇంటికి తూర్పున మూడు వందల గజాల్లో మిల్లు. ఆకివీడు నుంచి లారీల్లో చేపల తలలు, పేగులు వస్తాయి. వాటిని ఉడకబెట్టి, ఎండబెట్టి మేతపొడి చేస్తారు. మూడేళ్ళ కిందట మొదటిసారి బాయిలరు వెలిగించిన రోజు నేను పెరట్లో బట్టలు ఆరేస్తూ ఆ వాసనను పేరుతో సహా గుర్తుపట్టాను. కుళ్ళిన గుడ్డు వాసన అని రసాయనశాస్త్రం పుస్తకంలో ఉంటుంది. మా ఇళ్ళల్లో గుడ్డు అడుగుపెట్టదు కనక నాకది గూడెం కాలేజీలో, బీఎస్సీ ల్యాబులోనే తెలిసిన వాసన. హైడ్రోజన్ సల్ఫైడు. అప్పట్లో రోజూ తలనొప్పి వచ్చేది. తర్వాత తలనొప్పి పోయింది, వాసనా పోయింది. అలవాటు పడ్డామనుకున్నాం. మా ఆయన పగలంతా వేరే ఊళ్ళో హైస్కూల్లో ఉంటారు కాబట్టి ఆయనకి ఇంగువ తెలుస్తోంది. నేను ఇరవైనాలుగు గంటలూ ఇక్కడే ఉంటాను.

గూడెంలో చెవీ ముక్కూ డాక్టరు కాగితం ముక్కలకు ఏవేవో అద్ది వాసన చూపించి, నరం దెబ్బతిందో, కొన్నాళ్ళు దూరంగా ఉంటే తిరిగి వస్తుందో ఇప్పుడే చెప్పలేనన్నాడు. "ఎక్కడికైనా మారగలరా అండీ?" అనడిగాడు. మాది దేవస్థానం ఇల్లు. మా మామగారు ఆ గుడి అర్చకులు. ఎక్కడికి మారతాం?

మా పిన్ని కూతురు ఇందుజ గూడెంలోనే ఒక కాలేజీ ల్యాబులో పరిశోధన చేస్తోంది. డాక్టరు దగ్గర్నుంచి తిన్నగా దాని దగ్గరికి వెళ్ళాను. అది నా మాట పూర్తిగా విని, సొరుగులోంచి ఒక చిన్న పెట్టె తీసింది. లోపల తపాలాబిళ్ళంత రాగి రేకులు, వాటిమీద మంచు పట్టినట్టు వెండి పూత.

"గాలిలో గంధకం ఉన్న పదార్థాలు ఈ వెండిని పట్టుకుంటాయక్కా," అంది. "వారం ఉంచి తెచ్చాక దీనిమీద లేజరు వేస్తాం. తిరిగొచ్చే వెలుతురులో రవ్వంత రంగు మారి వస్తుంది. ఎంత మారిందో చూస్తే రేకుమీద ఏముందో తెలుస్తుంది."

తెరమీద ఒక గీత చూపించింది. నేలబారుగా వెళ్తూ అక్కడక్కడ నిటారుగా లేచింది. ఒక్కో పదార్థానికి ఒక్కోచోట లేస్తుందట. పోపు చూసి ఏయే దినుసులు పడ్డాయో నేను చెప్పినట్టే అది ఆ గీత చూసి చెప్పింది.

"మరి దీనికి అలవాటు పడిపోవడం ఉండదా?"

"దానికి ముక్కు లేదుగా," అని నవ్వింది. "కానీ నీకన్నా చాదస్తం ఎక్కువ. వేలు తగిలితే పాడు. సెంటు రాసుకున్నవాళ్ళు పక్కన నిలబడినా పాడు. పన్నెండు వారాలు వరసగా మార్చాలి, ఏం జరిగినా రాయాలి. అలా చేసే మనిషి దొరక్కే ఇన్నాళ్ళూ ఇది ల్యాబు దాటి బయటికి రాలేదు."

"నేను చేస్తాను," అన్నాను.

ఆగస్టు మొదటి ఆదివారం మేడమీద పిట్టగోడకి, మిల్లు వైపు, తెల్ల ప్లాస్టిక్ పెట్టె బిగించాను. గాలి ఆడటానికి దానికి పక్కల చీలికలున్నాయి. అందులో మొదటి రేకు పెట్టాను. అలాంటిదే ఇంకో రేకు సీసాలో మూతపెట్టి బీరువాలో ఉంచాను. గాలి తగలని దానితో పోల్చి చూడాలి కదా. ప్రతి ఆదివారం సాయంత్రం పట్టకారుతో పాత రేకు తీసి డబ్బాలో పెట్టి, కొత్తది పెట్టి, పుస్తకంలో రాసేదాన్ని. టైము, గాలి ఎటునుంచి, వాన పడిందా, మిల్లు గొట్టంలో పొగ ఎప్పుడు మొదలై ఎప్పుడు ఆగింది, పక్కింటివాళ్ళు చెత్త తగలబెట్టారా. ఆరోవారం బాయిలరు చెడి మిల్లు అయిదు రోజులు మూతపడితే అదీ రాశాను. శుక్రవారాలు కింద సాంబ్రాణి వేస్తే గాలి అటు కొట్టకుండా మేడ తలుపు మూసేదాన్ని.

"పిల్లకి స్నానం చేయించినట్టు చేస్తోంది ఆ రేకులకి," అన్నారు మా అత్తగారు, చీపురు కట్టలు కట్టడానికి వచ్చిన సరోజతో.

"చదువుకున్నారు కదండీ," అంది సరోజ.

"చదువుకుంటే చారులో ఇంగువ తెలియాలి ముందు."

కాలేజీ వదిలాక వారం వారం ఎదురుచూసే పని నాకు దొరకడం అదే మొదలు. ఆ సంగతి పైకి కనిపించనివ్వలేదు.

విజయదశమి నాడు వంటింట్లో బూరెలు వేస్తున్నాను. ఆ వారం పెట్టెలో ఉన్నది తొమ్మిదో రేకు. సాయంత్రం మేడమీదికి వెళ్ళి చూద్దును కదా, పెట్టె మూత తీసి ఉంది. రేకు మధ్యలో గంధం బొట్టు, దానిమీద కుంకుమ, పక్కన బంతిపువ్వు. పెట్టె లోపలంతా సాంబ్రాణి పొగ మసి. డెబ్భై నాలుగేళ్ళ మనిషి, మోకాళ్ళ నొప్పులతో పద్నాలుగు మెట్లెక్కి పూజ చేసి వెళ్ళారు మా మామగారు.

కిందికొచ్చి అడిగితే ఆయన మొహం వెలిగిపోయింది. "వారం వారం నువ్వు దాన్ని చూసుకోవడం చూస్తున్నానమ్మా. నా పంచాంగానికి పెట్టాను, మన సాయి పెన్నులకి పెట్టాను. నీ ఆయుధానికి పెట్టకపోతే బాగుంటుందా?"

ఆ ఇంట్లో కత్తిపీటకీ గరిటెలకీ ఏటా బొట్టు పెట్టుకునేది నేనే. నాకొక పని ఉందని, దానికొక పనిముట్టు ఉందని ఇంకొకరు అనుకోవడం ఇరవై ఏళ్ళలో అదే మొదటిసారి. గంధంలో కలిపిన పసుపు మీద ఆ లేజరు పడితే అంతా వెలుగే వస్తుంది, గీతలన్నీ అందులో మునిగిపోతాయి. ఆయనకి ఆ మాట ఎలా చెప్పను? "మంచిపని చేశారండి," అన్నాను. కాళ్ళకి దణ్ణం పెట్టాను.

తర్వాత పుస్తకం తీసి రాశాను. "2వ తేదీ, గురువారం. 9వ రేకు: పూజలో గంధం, కుంకుమ, సాంబ్రాణి పొగ తగిలాయి. లెక్కలోంచి తీసేయాలి. సా. 5.40కి 9-అ కొత్త రేకు పెట్టాను, పెట్టె కడిగి ఆరబెట్టాక."

ఎవరు పెట్టారో రాయలేదు. మామగారి పేరు ఎప్పుడూ నోటితో అనలేదు, కాగితంమీద పెట్టడానికీ చెయ్యి రాలేదు. పైగా పండగపూట అంత ప్రేమగా చేసిన పనిని తప్పుల జాబితాలోకి ఎక్కించడం ఏం మర్యాద అనుకున్నాను. పుస్తకం మొత్తంలో తెలిసి తెలిసి నేను వదిలేసిన సంగతి అదొక్కటే.

అక్టోబరు ఆఖరుకి పన్నెండు వారాలూ పూర్తయ్యాయి. ఇందుజ గీతలన్నీ ఒకే కాగితంమీద వేసి చూపించింది. తొమ్మిదోది తీసేసి దాని బదులు పెట్టినది లెక్కలోకి తీసుకుంటే, పన్నెండు రేకుల్లో పదకొండు ఒకేచోట, గంధకం ఉంటే లేవాల్సినచోట, నిటారుగా లేచాయి. తూర్పుగాలి కొట్టిన వారాల్లో ఎత్తుగా, పడమటిగాలి వారాల్లో తక్కువగా. ఆరోవారం మాత్రం ఇంచుమించు నేలకి దిగిపోయింది. బీరువాలో ఉన్న రేకు మొదటినుంచీ అలాగే ఉంది. నా ముక్కు చెప్పలేనిది ఆ కాగితంలో ఉంది.

ఏలూరులో ఇలాంటి ఫిర్యాదులు వినడానికి ముగ్గురు సభ్యుల విచారణ సంఘం ఒకటి వేశారు. ఇందుజ తన ల్యాబు తరఫున ఆ కాగితాలు అక్కడ పెట్టింది. రికార్డు రాసింది ఎవరో ఊళ్ళో అందరికీ తెలుసు.

నాలుగు రోజులకి మిల్లు యజమాని అచ్యుతరావుగారు మా ఇంటికొచ్చారు. ఆయనే గుడి కమిటీ చైర్మన్. వీధరుగు మీద కూర్చుని, మంచినీళ్ళు తాగి, చాలా మెత్తగా మాట్లాడారు.

"అమ్మాయిగారు చదువుకున్నవారు. రేకులు కట్టుకోమనండి, నేనొద్దన్నానటండీ? చేపలున్నచోట వాసన ఉండదా? మల్లెపూలు కొల్లేట్లో పూయవు కదండీ."

మా మామగారు తల ఊపారు.

"ఈ వానలకి మీ వంటింటి కప్పు కారిందట కదండీ. చేయిద్దాం. దేవస్థానం ఇల్లు, మనం చూసుకోకపోతే ఎవరు చూస్తారు? అన్నట్టు, అర్చకత్వానికి ద్వారకా తిరుమల అవతలనుంచి ఎవరో కుర్రాయన మొన్న అప్లికేషను ఇచ్చాడండి. నేనే పక్కన పెట్టించాను. మీరు ఉన్నంతకాలం ఆ మాటే లేదన్నాను."

ఆయన్ని మా ఆయన కారుదాకా సాగనంపారు. కారు పక్కన ఇద్దరూ పదిహేను నిమిషాలు నిలబడి మాట్లాడుకున్నారు. గుమ్మంలోంచి నాకు మాటలు వినబడలేదు.

విచారణ శుక్రవారం. నేనూ వస్తానంటే మా ఆయన "లెక్కలన్నీ ఆ అమ్మాయి దగ్గరున్నాయిగా, మధ్యలో నువ్వెందుకు?" అన్నారు. సరే అనుకున్నాను. సాయంత్రం ఇందుజ ఏలూరు బస్టాండు నుంచి ఫోన్ చేసింది.

"అక్కా, రేకుకి పూజ చేశారా?"

"తొమ్మిదోదానికి. తీసేయాలని చెప్పానుగా."

"పాడైందని చెప్పావు, తీసేశాను. ఎలా పాడైందో నేనడగలేదు, నువ్వు చెప్పలేదు. మిల్లు లాయరు నీ పుస్తకంలో ఆ పేజీ ప్రింటు తీసి తెచ్చాడక్కా. ఆ ఒక్క పేజీయే. ‘రేకులకి పసుపూ కుంకుమా పెట్టి సాంబ్రాణి పట్టే ఆవిడ రాసిన రికార్డు ఇది, మిగతా పదకొండింటికి ఏం పట్టించారో ఎవరికి తెలుసు’ అన్నాడు. అందరూ నవ్వారు. మా సారైతే నావైపు చూడనేలేదు. దీంతో ల్యాబుకి సంబంధం లేదని రాసిస్తానంటున్నారు."

గది తలుపు దగ్గరికి వేసుకున్నాను.

"రికార్డు రాసినావిడ సోమవారం స్వయంగా వచ్చి, రేకుని ఎవరు ముట్టుకున్నారో, ఆ పేజీ సంగతేంటో చెబితే వింటామన్నారు సంఘంవాళ్ళు. రాకపోతే మొత్తం పక్కన పెట్టేస్తారట. అక్కా, పుస్తకం నీ దగ్గరే కదా ఉంది?"

"నా దగ్గరే ఉంది."

"మరి వాడి చేతికెలా వెళ్ళింది?"

ఆ ప్రింటు కాగితాన్ని ఇందుజ నాకు ఫోనులో పంపించింది. పుస్తకం మా మంచంమీద నీలం గళ్ళ దుప్పటిమీద తెరిచి ఉంది. పేజీ ముడుచుకోకుండా కింద మూల ఒక బొటనవేలు నొక్కి పట్టుకుంది. గోటి పక్కన ఎర్ర ఇంకు. ఆ వారమంతా మా ఆయన యూనిట్ పరీక్షల పేపర్లు దిద్దారు.

శనివారం పుస్తకం మొదటి పేజీనుంచి ఆఖరుదాకా రెండుసార్లు చదువుకున్నాను. తొమ్మిదో రేకు దగ్గర వదిలేసిన ఖాళీ తప్ప ఇంకో తప్పు కనపడలేదు. ఆ ఖాళీలోకే వాళ్ళు నన్ను తోశారు. నేనే బొట్లు పెట్టుకుంటూ కూర్చున్నానన్న మాటకి అక్కడ చోటు ఉంచింది నేనే.

ఆదివారం మధ్యాహ్నం మామగారు గుడినుంచి వచ్చాక అందరికీ వడ్డించాను. దోసకాయ పప్పు, దొండకాయ వేపుడు. పప్పు కలుపుకుంటూ మా ఆయన అన్నారు, "రేపు ఏలూరు ఎవరూ వెళ్ళక్కర్లేదు. ఇందుజకి ఫోన్ చేసి ఒంట్లో బాగాలేదని చెప్పెయ్."

"ఫొటో ఎప్పుడు తీశారండి?"

"ఏ ఫొటో?"

"మీ బొటనవేలు పడింది అందులో. ఎర్ర ఇంకుతో."

ఆయన చెయ్యి కంచంలో ఆగింది. "ఉన్నదే పంపాను. నేనేమన్నా అబద్ధం పుట్టించానా? నువ్వు రాసిందేగా."

"పన్నెండు వారాలు రాశాను. మీరు ఒక్క పేజీ పంపారు."

"వాళ్ళడిగింది అదే."

"అలాంటి పేజీ ఉందని వాళ్ళకెలా తెలుసండీ?"

"ఇల్లు ఎవరిదనుకుంటున్నావు?" అన్నారు. "నాన్నగారి అర్చకత్వం ఎవరి చేతిలో ఉందనుకుంటున్నావు? ఊళ్ళో నాలుగొందల గడపలున్నాయి, ఎవరికీ లేని బాధ నీకేంటి? వాసనే తెలియని మనిషివి, వాసనమీద ఫిర్యాదేంటి? విన్నవాళ్ళు నవ్వరూ?"

"నవ్వారటండి శుక్రవారం."

అత్తగారు మా ఇద్దరివైపూ మార్చి మార్చి చూశారు. "అన్నం దగ్గర ఏవిట్రా ఈ గొడవ? ఏ పేజీ?"

"నా పుస్తకంలో తొమ్మిదో రేకు పేజీ అత్తయ్యగారూ. దసరానాడు మామగారు గంధం పెట్టారు కదా. నేనే పెట్టుకున్నానని, అన్ని రేకులకీ అలాగే చేశానని అక్కడ చెప్పారు."

మామగారు తల ఎత్తారు. ఆయనకి ఇదంతా అప్పుడే తెలిసినట్టుంది. మొహంలో నెత్తురు లేదు. నాతో ఏదో అంటారని ఎదురుచూశాను. మంచిమాటే అంటారనుకున్నాను.

"నా పేరు ఉందా అమ్మా అందులో?" అనడిగారు.

"లేదండి. నేను రాయలేదు."

"మంచిపని చేశావు," అన్నారు. "అలాగే ఉండనీ. అచ్యుతరావుగారికి తెలిస్తే, నేను కూడా నీతో కలిశాననుకుంటారు." ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్నారు.

నేను నెయ్యి గిన్నె కింద పెట్టాను. ఆయనకి వేపుడు కావాలేమో చూశాను. కంచంలో ఇంకా ఉంది.

"రేపు చెప్పబోతున్నానండి," అన్నాను. "పొద్దున్న ఏడింటి బస్సుకి ఏలూరు వెళ్తున్నాను. ఫిర్యాదు ఇకనుంచి ల్యాబు పేరున కాదు, నా పేరున ఇస్తాను. రేకు మార్చిందీ, రాసిందీ వేదుల ప్రసూన అని చెబుతాను. గంధం పెట్టింది వేదుల రామచంద్రమూర్తిగారు, ఆ పేజీ ఫొటో తీసి ఇచ్చింది వేదుల దత్తసాయిగారు అని చెబుతాను. రాసుకున్నాను కూడా. మూడు పేర్లూ ఉన్నాయి."

"ఇల్లు ఖాళీ చెయ్యమంటేనో?" అన్నారు అత్తగారు.

"అంటారు అత్తయ్యగారూ," అన్నాను. "అన్నా వెళ్తాను."